36 ఫొటోలు, ఒక తెల్ల దుప్పటి

కెమెరా ఫిల్ము రీలు డబ్బా మీద 36 అని ఉండేది. జాగ్రత్తగా ఎక్కిస్తే 37 వచ్చేవి, చెయ్యి తిరిగినవాళ్లకు 38. ఆ చివరి రెండు ఫొటోల కోసం పడే తాపత్రయం చెబితే ఇప్పటి పిల్లలకు నవ్వొస్తుంది. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతు (పెలికాన్) రెక్కలు విప్పి సరిగ్గా గూటి మీద వాలే వేళకు కౌంటరు 36 దగ్గర ఆగి ఉండటం ఎంత బాధో, ఆ రోజుల్లో కెమెరా పట్టినవాళ్లకే తెలుసు.

అసలు సగం ఫొటోగ్రఫీ రీలు ఎక్కించడంలోనే ఉండేది. నీడ చూసుకోవాలి. నీడ లేకపోతే ఎండకు వీపు పెట్టి, ఒంటి నీడలోనే వెనక మూత తెరవాలి. రీలు నాలుకను కుడివైపు స్పూలు గాడిలో దూర్చి, లివరు ఒకసారి లాగి, పైన కింద ఉన్న కన్నాలు రెండూ పళ్లచక్రం మీద కూర్చున్నాయో లేదో చూసి అప్పుడు మూత మూయాలి. ఎడమవైపు రీవైండు పిడిని బాణం చూపిన దిక్కుకు మెల్లగా తిప్పి వదులు తీసెయ్యాలి. ఇక అక్కడినుంచి లివరు లాగిన ప్రతిసారీ ఆ పిడి దానంతట అదే తిరగాలి. తిరగలేదంటే నాలుక గాడిలోంచి జారిపోయింది, లోపల రీలు కదలడం లేదు. కౌంటరు మాత్రం ఒకటి, రెండు, మూడు అంటూ హాయిగా పోతూనే ఉంటుంది. అది లెక్కపెట్టేది లివరును, రీలును కాదు. 39, 40 దాటినా లివరు ఇంకా వస్తోందంటే సంబరపడాల్సింది లేదు. అరకు వెళ్లి వచ్చిన రీలు కడిగిస్తే ఈ చివరినుంచి ఆ చివరిదాకా గాజు ముక్కలా తెల్లగా వచ్చేది. ప్రొజెక్టరులో పెట్టి తెర మీద చూపించే స్లైడు ఫిల్ము అయితే కటిక నలుపు. స్టూడియో కుర్రాడు ఆ రీలు చేతికిచ్చేటప్పుడు మొహంలోకి చూసేవాడు కాదు.

రెండో గండం ఏఎస్ఏ చక్రం. ఫిల్ము వెలుగును ఎంత చురుగ్గా పట్టుకుంటుందో చెప్పే అంకె ఏఎస్ఏ, దాన్ని కెమెరాకు చెప్పేది ఈ చక్రం. 400 రీలు తీసేసి 100 రీలు ఎక్కించి చక్రం మార్చడం మరిచిపోతే 36కు 36 రెండు స్టాపులు తక్కువ వెలుగుతో పడతాయి (ఒక్కో స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). నెగెటివ్ అయితే మట్టి రంగులో ఏదో ఒక ప్రింటు వస్తుంది. స్లైడు అయితే ఆశ వదులుకోవడమే. అందుకే రీలు డబ్బా అట్టముక్క చించి కెమెరా వెనక అంటించుకునేవాళ్లు. తర్వాత వచ్చిన కెమెరాల్లో అదే అట్టముక్క పెట్టుకోవడానికి చిన్న జేబులాంటిది ఇచ్చారు.

చౌకలో పోవాలంటే నలుపు తెలుపే. ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్లు తీసిన 'ఇందు', తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో. 100 అడుగుల డబ్బా కొంటే 36 ఫొటోల రీళ్లు పద్ధెనిమిది దాకా చుట్టుకోవచ్చు. స్టూడియోల్లో పారేసే ఖాళీ క్యాసెట్లు అడిగి తెచ్చుకుని చీకట్లో చుట్టడం. చిక్కు ఎక్కడంటే, క్యాసెట్టు మూతి దగ్గర వెలుగు రాకుండా మఖమలు గుడ్డ ఉంటుంది. నాలుగైదు సార్లు వాడాక అందులో ఒక ఇసుక రేణువు చిక్కుకుంటే చాలు, రీలు పొడవునా గీత. ప్రింటులో అది ఆకాశం మీద రైలు పట్టాలా కనిపిస్తుంది, కొంగ మెడ మీదుగా కూడా పోతుంది. ఒక క్యాసెట్టును మూడుసార్లకు మించి వాడనివాళ్లే బాగుపడ్డారు.

రంగుల స్లైడు ఫిల్ముల్లో ఇద్దరు దేవుళ్లు ఉండేవాళ్లు, కోడాక్రోమ్ ఒకరు, 1990లో వచ్చిన ఫ్యూజీ వెల్వియా ఒకరు. వెల్వియా 50 ఏఎస్ఏ ఫిల్ము. వరి చేల పచ్చదనాన్ని అది చూపించినట్టు ఇంకేదీ చూపించలేదు, కాస్త అతిగా కూడా చూపించేది. మనుషుల మొహాలకు మాత్రం పనికిరాదు, అందరూ ఎండదెబ్బ తగిలినట్టు ఎర్రగా వస్తారు. యాత్రకు రెండు రకాల రీళ్లూ తీసుకెళ్లడం, గుట్టలకు స్లైడు, బంధువులకు నెగెటివ్. (నిజం చెప్పాలంటే యాత్రా ఫొటోల్లో ముప్పాతిక వంతు గోపురం ముందు వరుసగా నిలబెట్టిన బంధువులే. గోపురం కొస తెగిపోయి ఉంటుంది.)

పిట్టల దగ్గరికి వస్తే లెక్కలు మారిపోతాయి. పెద్ద కంపెనీల 500 మిల్లీమీటర్ల లెన్సు కొనే స్తోమత ఎవరికీ లేదు. ఉన్నది రష్యా ఎంటీఓ 500, లోపల అద్దాలుండే 'అద్దం లెన్సు', ఎఫ్/8 (ఎఫ్ పక్కనుండేది లెన్సు కన్నం అంకె, అది పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది). అందులో ఆ కన్నం మార్చే అపర్చర్ రింగే ఉండదు, ఎఫ్/8 అంటే ఎప్పుడూ ఎఫ్/8. దానికొక మంచి కుదురు ఉంది. నడి ఎండలో 100 ఏఎస్ఏ ఫిల్ముకు ఎఫ్/16 దగ్గర షట్టరు 1/125 సెకను అన్నది పాత సూత్రం. దాన్ని ఎఫ్/8కి తెస్తే 1/500. 500 లెన్సు చేత్తో పట్టుకుంటే కదలకుండా ఉండటానికి కావలసింది కూడా 1/500. అంటే మిట్టమధ్యాహ్నం వెలుగు కొలిచే మీటరు చూడకుండానే కొట్టొచ్చు. కానీ పిట్టలు బాగుండేది పొద్దున్నే. అప్పుడు వెలుగు రెండు స్టాపులు తక్కువ, 1/125కి పడిపోతుంది, ప్రతి కొంగకూ రెండు ముక్కులు వస్తాయి. 400 ఫిల్ము వేస్తే మళ్లీ 1/500 దొరుకుతుంది గానీ ఈకలు రవ్వలా కనిపిస్తాయి. పొద్దుటి వెలుగు, కదలని బొమ్మ, నున్నటి ఈకలు, ఈ మూడింట్లో ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. బస్సు కిటికీ మీద బియ్యం సంచి ఆనించి దాని మీద లెన్సు పెట్టడం దీనికి దొరికిన మందు. సంచిని కాస్త వదులుగా నింపాలి. నిండా నింపితే రాయిలా అయిపోయి లెన్సు దాని మీద దొర్లుతుంది.

అద్దం లెన్సుకు ఇంకో ముద్ర ఉంది. ఫోకస్‌లో లేని ప్రతి వెలుగు చుక్కా మధ్యలో కన్నంతో గుండ్రంగా వస్తుంది. పులికాట్ నీళ్ల మీద ఎండ మెరుస్తుంటే రాజహంసల వెనకాల అంతా గారెలు పరిచినట్టే. కొందరికి అది ఇష్టం. ఒక ఫొటోలో చూస్తే ముచ్చటే, ఎనభై స్లైడుల్లో చూస్తే ఆకలేస్తుంది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును కోసుకుంటూ తూర్పుకు పోతుంది. అక్కడ పొద్దున్నే వెళ్లినవాళ్లు మొదట చేసే పొరపాటు, పిట్టలు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ దిగడం. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. రోడ్డుకు దక్షిణంవైపు నీళ్లలో ఉన్న పిట్టలన్నీ నల్లటి బొమ్మలే. ఉత్తరంవైపు పది పిట్టలున్నా చాలు, వాటి రెక్కల కింది గులాబీ రంగు కనబడుతుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు దగ్గర అయితే ఈ బాధలేమీ లేవు. చెరువు ఊళ్లోనే, చెట్లు చెరువు మధ్యలోనే, 200 లెన్సు చాలు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మనిషిని పట్టించుకోవు. అక్కడ తిప్పలు పెట్టేది తెలుపు రంగు. మీటరుకు తెలుపు, నలుపు తెలియదు. ఏది చూపించినా బూడిద రంగే అనుకుంటుంది. తెల్లపిట్ట ఫ్రేము నిండా ఉంటే బూడిద చేసేస్తుంది, ఒక స్టాపు పైగా ఎక్కువ ఇవ్వాలి. అదే పిట్ట నల్లటి నీళ్ల మధ్య చిన్నగా ఉంటే నీళ్లను చూసి వెలుగు ఎక్కువ ఇచ్చేస్తుంది, ఈకలన్నీ సున్నం ముద్ద అయిపోతాయి, ఒక స్టాపు తగ్గించాలి. రెండూ గుర్తుండవనుకునేవాళ్లు అరచేతిని అదే ఎండలో పెట్టి మీటరు చూసుకుని, దానికి ఒక స్టాపు కలిపి, ఇక మీటరు ముట్టుకునేవాళ్లు కాదు. అన్నింటిలోకీ అదే నమ్మకమైన పద్ధతి.

ఆటల ఫొటోలకు అభిమానికి దొరికేది గ్యాలరీ టిక్కెట్టే. హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో గ్యాలరీ నుంచి పిచ్ 80 మీటర్లు ఉందనుకోండి. 200 లెన్సుతో ఆరడుగుల బ్యాట్స్‌మన్ ఫిల్ము మీద నాలుగున్నర మిల్లీమీటర్లు పడతాడు, ఫ్రేము ఎత్తేమో 24. పోస్టుకార్డు సైజు ప్రింటులో రెండు సెంటీమీటర్లు కూడా ఉండడు. ఎవరో చెబితే తప్ప ఎవరో తెలియదు. దానికి రెండు రెట్లు పెంచే కన్వర్టరు తగిలిస్తే బొమ్మ పెరుగుతుంది, రెండు స్టాపుల వెలుగు పోతుంది, ఎఫ్/4 కాస్తా ఎఫ్/8 అవుతుంది, వ్యూఫైండర్ మధ్యలో ఫోకస్ చూసుకునే గుండ్రం సగం నల్లబడుతుంది. తెలివైనవాళ్లు క్రికెట్ మ్యాచ్‌కు వెళ్లి ఆటను వదిలేసి జనాన్ని తీసేవాళ్లు. అవే ఇవాళ్టికీ బాగున్నాయి.

చేతికందే ఆటలు ఊళ్లలో ఉండేవి. సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు, కబడ్డీ. బండలాగుడులో ఎడ్లు ఎటు వస్తాయో ముందే తెలుసు కాబట్టి సున్నపు గీత ఒకటి ఎంచుకుని దాని మీద ఫోకస్ పెట్టి చెయ్యి తీసెయ్యాలి. గిట్టలు గీతను తాకడానికి ఒక్క క్షణం ముందు నొక్కాలి. తాకడం కంటికి కనబడ్డాక నొక్కితే ఆలస్యమే. ఎస్సెల్లార్ కెమెరాల్లో, అంటే లోపలి అద్దం ద్వారా లెన్సులోంచే చూసే కెమెరాల్లో, నొక్కగానే ఆ అద్దం పైకి లేచి వ్యూఫైండర్ చీకటవుతుంది. అందుకే ఒక మాట ఉండేది, కంటికి కనబడిందంటే ఫిల్ములో పడలేదని. దుమ్ము లేచేటప్పుడు 1/1000 పెడితే గిట్టల దగ్గర మట్టిబెడ్డలు గాల్లో ఆగిపోతాయి. 1/30 పెట్టి ఎడ్లతోపాటు నడుమును తిప్పుతూ నొక్కితే జనమంతా గీతలై, ఎద్దు తల ఒక్కటే నిలుస్తుంది. నొక్కిన తర్వాత కూడా తిప్పుతూనే ఉండాలి, నొక్కగానే ఆగిపోతే అన్నీ చెదిరిపోతాయి. పదింటికి ఒకటి వస్తే గొప్ప. కాళ్లు కదలకూడదు, నడుము పైభాగమే తిరగాలి. ఇక ఆ దుమ్ములో రీలు మార్చడమంటే తువ్వాలు కప్పుకుని మార్చడమే. వెనక మూత లోపలి ఒత్తుడు రేకు మీద ఒక్క ఇసుక గింజ పడితే మళ్లీ అదే రైలు పట్టా.

సెకనుకు మూడు ఫొటోలు లాగే మోటారు కొనుక్కున్నవాళ్లను చూసి అసూయపడేవాళ్లం అందరం. తర్వాత లెక్కేస్తే తేలింది, 12 సెకన్లలో రీలు ఖాళీ. కబడ్డీలో రైడరు గీత దాటి వెనక్కొచ్చేసరికే అయిపోతుంది.

లోపలి ఆటలు, షటిల్, టేబుల్ టెన్నిస్. ఫ్లాష్ కొట్టనివ్వరు, కొట్టకూడదు కూడా. 50 లెన్సు ఎఫ్/1.8 పూర్తిగా తెరిచి, 400 ఏఎస్ఏ ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ఫిల్మును 1600 అనుకుని తీసి, కడిగేటప్పుడు ఐడీ-11 డెవలపరులో ఏడున్నర నిమిషాల బదులు 14 నిమిషాలు ఉంచాలి. ఇది 20 డిగ్రీల దగ్గర లెక్క. విజయవాడ మే నెలలో కుళాయి నీళ్లు 20 డిగ్రీలుంటాయా? ఐసు ముక్కలు నేరుగా వేస్తే డెవలపరు పలచబడుతుంది. ప్లాస్టిక్ కవరులో మూటకట్టి డెవలపరులో ముంచి, థర్మామీటరు చూస్తూ తియ్యాలి. అసలు దెబ్బ తర్వాత తగిలేది. డెవలపరు చల్లగా చేసుకుని, కడిగే నీళ్లు మాత్రం ట్యాంకు నుంచి వేడిగా పట్టేస్తే ఫిల్ము మీది పొర ఉబ్బి, ఎండిన చెరువు అడుగులా బీటలిస్తుంది. ఐసు అన్నింటికీ చాలేట్టు ముందే తెచ్చుకోవాలి.

ఇంత కష్టపడి తెచ్చినవాటిని నలుగురికీ చూపించడం ఇంకో పని. ప్రింట్లు పంచుకోవడానికి లెక్క నెగెటివ్ అంచున ఉండే నెంబరు. స్టూడియో కవరు మీద '7ఏ – 2 కాపీలు, 22 – 1 మ్యాక్సీ' అని రాసిచ్చేవాళ్లు. పిట్టల ఫొటోలు అయితే అడుగున ఇంకో మాట కూడా రాయాలి, 'ఆటో కరెక్షన్ వద్దు' అని. స్టూడియోలో ప్రింట్లు తీసే మినీ ల్యాబ్ మిషను కూడా కెమెరా మీటరు లాంటిదే, సూర్యాస్తమయాన్ని చూసి ఎరుపు ఎక్కువైందని తగ్గించి, గోదావరిని సిమెంటు రంగులో పెట్టి ఇచ్చేది. పోస్టులో పంపాలంటే రెండువైపులా అట్ట పెట్టి, 'ఫొటోలు – మడవరాదు' అని ఎర్రసిరాతో రాయడం. వెనక వివరాలు బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే అక్షరాలు ముందువైపు ఉబ్బుతాయి. అద్దం లాంటి కొత్త కాగితం మీదేమో పెన్సిలు అంటదు. ముందే చిన్న కాగితం మీద రాసి అంటించడమే మేలు.

సెలూన్లకు, అంటే ఫొటోల పోటీ ప్రదర్శనలకు, పంపేవాళ్ల తంటా వేరు. అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ గుర్తింపు ఉన్న పోటీలో ప్రింటు 30×40 సెంటీమీటర్లు దాటకూడదనేవాళ్లు. ప్రకృతి విభాగంలో మనిషి చెయ్యి కనబడకూడదు. ఉప్పలపాడు కొంగ ఎంత అందంగా ఉన్నా వెనకాల కరెంటు తీగ ఉంటే అది ప్రకృతి కాదు. తీగ చెరపడమూ కుదరదు. దుమ్ము చుక్కల వరకు పూడ్చుకోవచ్చు. 000 నెంబరు కుంచెను రంగులో ముంచి, కాగితానికి అద్ది దాదాపు ఆరబెట్టి, మొనతో చుక్క పక్కన చుక్క పెట్టాలి. గీత గీస్తే మెరుస్తూ బయటపడిపోతుంది. ఒక్క ప్రింటుకు గంట పట్టేది.

కానీ పంచుకోవడమంటే అసలు స్లైడు షోనే. 36లో ఐదు నిలిస్తే మంచి రీలు. అలా ఆరునెలలు పోగేస్తే గుండ్రటి ట్రేకు సరిపడా 80. 140 పట్టే ట్రేలు కూడా ఉండేవి గానీ వాటి గదులు సన్నం, అంచులు పిగిలిన అట్ట ఫ్రేములు ఇరుక్కుని సగంలో షో ఆగిపోయేది.

చదరపు స్లైడును ట్రేలో ఎనిమిది రకాలుగా పెట్టొచ్చు. అందులో సరైనది ఒక్కటే. స్లైడును చేత్తో పట్టుకుని ఫొటో మామూలుగా కనిపించేట్టు చూసి, ఎడమవైపు కింది మూల పెన్నుతో చుక్క పెట్టాలి. తర్వాత తలకిందులు చేస్తే ఆ చుక్క కుడివైపు పై మూలకు వస్తుంది, అలాగే ట్రేలోకి దించాలి. చుక్కలన్నీ ఒకే చోట కనబడితే షో సాగుతుంది. ఒకటి తప్పితే ఆర్టీసీ బస్సు మీద ఊరిపేరు అద్దంలో అక్షరాల్లా వచ్చి అందరూ గోల చేస్తారు. చుక్క కాకుండా ఇంకో ఉపాయం కూడా ఉండేది. 80 స్లైడులూ వరుసగా పేర్చి, దొంతర పైఅంచుల మీద ఈ మూలనుంచి ఆ మూలకు మార్కరుతో ఏటవాలుగా ఒకే గీత గీయడం. ట్రే జారి స్లైడులన్నీ నేలపాలైనా గీత కలిసేట్టు పేర్చుకుంటే రెండు నిమిషాల్లో వరుస కుదిరిపోతుంది.

తెర అంటే దుప్పటే. దుప్పటి ఒక్కటే కడితే వెలుగు సగం అవతలికి పోతుంది, వెనక సున్నం కొట్టిన గోడ ఉండాలి. ఇస్త్రీ చెయ్యకపోతే కొండలన్నింటికీ మడతలు. 85 మిల్లీమీటర్ల లెన్సున్న ప్రొజెక్టరు మూడున్నర మీటర్ల దూరంలో పెడితే బొమ్మ మీటరున్నర వెడల్పు వస్తుంది. నిలువు ఫొటోలు అంతే ఎత్తు వస్తాయి కాబట్టి దుప్పటి చదరంగా ఉండాలి. ఇది మరిచిపోయినవాళ్ల షోలో ఎర్రకాళ్ల కొంగల కాళ్లు బల్ల మీదా, ముందు కూర్చున్న పిల్లల తలల మీదా పడేవి.

స్లైడు పడ్డ కొన్ని సెకన్లకు వేడికి ఉబ్బి 'టప్' మని ఫోకస్ తప్పుతుంది. అది లెన్సు తప్పు కాదు. ఉబ్బేదాకా ఆగి ఆ తర్వాతే ఫోకస్ సరిచెయ్యాలి. గాజు ఫ్రేముల్లో బిగిస్తే ఉబ్బదు. అయితే కోస్తా జిల్లాల్లో ఆ గాజుల మధ్య చెమ్మ చిక్కుకుని ఏడాది తిరక్కుండా బూజు దారాలు పాకుతాయి. ఒక్కో స్లైడుకు ఎనిమిది, పది సెకన్లు చాలు. ఏ గుడి ఏ శతాబ్దిదో చెబుతూ నిమిషం ఆపితే జనం వేరుశెనక్కాయల మీద పడతారు, స్లైడు రంగూ వెలుస్తుంది. కోడాక్రోమ్ చీకట్లో దశాబ్దాలు నిలిచేది గానీ ప్రొజెక్టరు దీపానికి తొందరగా పాలిపోయేది, ఎక్కువసార్లు చూపించే స్లైడు ఫ్యూజీలో తీయడమే నయం. షో అయ్యాక దీపం ఆర్పి, ఫ్యాను ఐదు నిమిషాలు తిరగనివ్వాలి. వేడిమీద కదిపితే దీపం తీగ తెగుతుంది. షో మధ్యలో కరెంటు పోవడం మాత్రం ఎవరి చేతుల్లోనూ లేదు.

కోడాక్రోమ్ తయారీ 2009లో ఆగింది. దాన్ని కడిగే చివరి ల్యాబు, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం పార్సన్స్ ఊళ్లో ఉన్నది, 2010 డిసెంబరు 30 దాకా రీళ్లు తీసుకుంది.

ఇప్పుడు అటకమీది డబ్బాలు దించి స్కాన్ చేయించేవాళ్లకు నాలుగు మాటలు. స్లైడు మీద బూజుంటే నీళ్లు తగలనివ్వొద్దు, బూజు తిన్న పొర నీళ్లకు కరిగిపోతుంది. ఫిల్ము క్లీనరు, లేదంటే నీళ్లు దాదాపు లేని ఐసోప్రొపైల్ ఆల్కహాలు, మెత్తటి గుడ్డ, అంతే. మొదట పనికిరాని స్లైడు మీద చేసి చూడండి. 4000 డీపీఐలో (అంగుళానికి 4000 చుక్కలు) స్కాన్ చేస్తే రెండు కోట్ల పిక్సెళ్ల పైన వస్తాయి, అంతకుమించి పెంచినా కనిపించేది రవ్వే. దుమ్మును దానంతట అదే తీసేసే ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి నలుపు తెలుపు ఫిల్ముకు పనిచెయ్యదు, అందులోని వెండినే దుమ్మనుకుంటుంది. కోడాక్రోమ్‌తోనూ పేచీయే. అంటుకునే పేజీల ఆల్బముల్లో ఉన్న ప్రింట్లను గోటితో పెకలించకండి. పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం మూల దగ్గర దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగుతూ పోతే చాలావరకు చిరగకుండా వస్తాయి. ఆ ఆల్బమును మళ్లీ వాడొద్దు.

స్లైడుల డబ్బా అయితే స్కానరు దగ్గరికి తీసుకెళ్లేముందు ఒకసారి బయటికి తీసి వరుసగా పేర్చి పైనుంచి చూడండి. మార్కరు గీత ఇంకా ఉంటుంది. మధ్యలో ఎక్కడైనా తెగినట్టు కనబడితే అక్కడొక స్లైడు లేదన్నమాట. ప్రింటు వేయించుకుని ఇస్తానని ఎవరో పట్టుకెళ్లారు.